వేగం చలానా వస్తే ఏం చేయాలి?

తల్లిదండ్రులకు, విద్యార్థులకు: హోసూరు, కృష్ణగిరి మధ్య 44వ జాతీయ రహదారి మీద మనలో చాలామంది రోజూ తిరుగుతుంటాం. అందుకే ఈ వివరాలు.

ఫోనుకు చలానా మెసేజ్ వస్తే అందులోని లింకు నొక్కొద్దు. ఏపీకే ఫైలు పంపితే అది మోసమే. ప్రభుత్వ ఈ-చలాన్ వెబ్‌సైటులో మీరే బండి నంబరు కొట్టి చూసుకోండి. దాని చిరునామా 'గవ్.ఇన్' అని ముగుస్తుంది. నోటీసు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటే పిల్లల చేత చదివించుకోండి.

ఫోటోలోది మీ బండేనా? తేదీ, స్థలం సరిపోయాయా? మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్‌లో కారులాంటి తేలికపాటి బండికి జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయలు. తప్పు మనదైతే కట్టేసి రసీదు దాచుకోండి.

కాదంటే కోర్టులో చెప్పుకునే హక్కు ఉంది. ఆర్.సి., లైసెన్సు, నోటీసు, మీ దగ్గరున్న రుజువులు తీసుకెళ్లండి. పరికరంతో కొలవకుండా, ఒక్క సాక్షి అంచనా మీదనే శిక్ష వేయకూడదని అదే సెక్షన్ చెబుతోంది. సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకండి, వాయిదాకు తప్పక వెళ్లండి.

విద్యార్థులారా! మైనరు బండి నడిపి పట్టుబడితే 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. మీకు 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. బడికి సైకిలో, బస్సో చాలు.

– ప్రధానోపాధ్యాయులు