నాచుకు పస్తు

సికిందరాబాదునకు ఉత్తరమున నున్న యాప్రాల్ నుండి సముద్రము సుమారు 300 కిలోమీటర్ల దూరము. గండశిలలతో నిండిన ఆ నేల సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైన ఉన్నది. అట్టి చోట ఇంటి ముందుగదిలో గాజుతొట్టి నుంచి సముద్రపు చేపలను, పగడపు జీవులను పెంచవలెనన్నచో నీటిని కూడ ఇంటనే తయారు చేసికొనవలెను. లీటరు మంచినీటికి సుమారు 35 గ్రాముల లవణములు తగిన పాళ్ళలో కలిపినచో అది సముద్రపు నీటికి ఈడగును. చేపలు బ్రతుకును. కాని కొలది వారములలో గాజుమీద గోధుమవన్నె పొరయు, ఆ పిమ్మట రాళ్ళమీద జుట్టువంటి పచ్చని నాచును కనిపించును. ఎన్నిమార్లు తుడిచినను మరల వచ్చును. ఈ నాచుతో చేపల పెంపకందార్ల పోరాటము 170 ఏండ్లకు మించినది. ఆ నాచును గూర్చిన ఎరుకలో కొంతభాగము హైదరాబాదు చెరువుల గట్లమీదనే లభించినది.

లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1849లో సుమారు 50 లీటర్లు పట్టు పాత్రలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. చేప విడిచిన బొగ్గుపులుసు గాలిని మొక్క గ్రహించును, మొక్క విడిచిన ప్రాణవాయువును చేప పీల్చును, కనుక నీరు మార్చ నక్కరలేదని అతని ఊహ. ఊహ సరియైనదే. అయితే ముదురాకులు కుళ్ళినవి, పాత్ర గోడలకు పచ్చని జిగురు పట్టినది, నీరు మసకబారినది. అప్పుడతడు అయిదారు చెరువునత్తలను అందులో వదలెను. అవి కుళ్ళిన ఆకులను, నాచును మేసి నీటిని తేటపరచినవి. వాటి గ్రుడ్లు చేపలకు మేత అయినవి. ఈ సంగతిని 1850 మార్చిలో అతడు లండను రసాయన సంఘమునకు తెలిపెను. తరువాత సముద్రపు నీటితోను ఇట్టి ప్రయోగములే చేసెను. 1854లో ఫిలిప్ గాస్ సాధారణ ఉప్పు, ఎప్సమ్ లవణము, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు కలిపి సముద్రపు నీటిని కృత్రిమముగా తయారుచేయు పద్ధతిని ప్రకటించెను. యాప్రాల్‌లో నేడు బకెట్టులో ఉప్పు కలుపువారు చేయునది గాస్ చేసిన పనియే.

నత్తల పని నిదానము. మనుష్యునకు తొందర ఎక్కువ. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అనువారు మైలుతుత్తముతో నాచును చంపవచ్చునని 1904లో ప్రకటించిరి. పది లక్షల పాళ్ళ నీటికి ఒక పాలు, కొన్ని జాతులకు అంతకన్న తక్కువ, చాలునని తేలినది. తోటలలో బోర్డో మిశ్రమము చల్లు రైతులకు ఈ రాగిమందు ఎరుకయే. మంచినీటి జలాశయములను నిర్వహించువారికి ఇది గొప్ప వరమైనది. కాని ఉప్పునీటి తొట్టిలో దీనిని పోసినవాడు నాచుకన్న ముందు నత్తలను, రొయ్యలను, పగడపు జీవులను పోగొట్టుకొనును. సున్నపురాళ్ళు రాగిని పట్టియుంచుకొని తరువాత మెల్లగా వదలుట మరియొక చిక్కు. ఈ కీడు లేకున్నను వేరొక లోపము ఉండనే ఉన్నది. చచ్చిన నాచు కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరించును. తాను తిన్నదంతయు నీటిలోనే విడిచిపోవును. తరువాతి నాచునకు అదే విందు.

నాచు తిండి ఎట్టిదో తెలియవలెనన్నచో ముందు నీటిని పరీక్షింపవలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులు చేసిన పని అదియే. హైదరాబాదు చేపలచెరువుల నాచులపై ఎ. ఆర్. జాఫర్ వ్రాసిన వ్యాసములు హైడ్రోబయాలజియా అను అంతర్జాతీయ పత్రికలో 1964 నుండి వెలువడినవి. మొదటిది నీటి భౌతిక, రసాయన స్థితిని గూర్చినది. ఏకకణ నాచులును, సమూహములుగా పెరుగు నాచులును ఎట్లు వ్యాపించినవో రెండవదానిలోను, ఏ కాలమున ఏవి పెచ్చు పెరుగునో 1967 నాటి మూడవదానిలోను కలవు. మూసీనది నాచులను కాలుష్యదృష్టితో పరిశీలించిన వి. వెంకటేశ్వర్లు 1969లో ఇదే వరుసను పాటించెను. 1970లో ఎం. మునవర్ హైదరాబాదు చెరువులలో కలుషితమైనవానిని, కానివానిని పోల్చి చూచెను. వీరు పట్టిన వరుసయే గమనింపదగినది: ముందు నీరు, పిమ్మట నాచు. మంచి వైద్యుడు మందు వ్రాయక ముందు రోగి ఏమి తినెనో అడుగును గదా!

ఈ విషయము కంటికి కట్టినట్లు తేలినది 1973లో. కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందము ఒక చిన్న సరస్సును తెరతో రెండు భాగములు చేసి, రెంటను కర్బనమును, నత్రజనిని కలిపెను. ఒక భాగమున మాత్రము భాస్వరమును కూడ చేర్చెను. భాస్వరము పడిన భాగమే పచ్చగా మారినది.

ఈ జ్ఞానముతో యాప్రాల్ తొట్టిని మరల చూడవలెను. గాజుమీది గోధుమవన్నె పొర సాధారణముగా డయాటములది. వీటి పెంకులకు సిలికా కావలెను. ఆ ప్రాంతపు గ్రానైటు రాళ్ళలో ఊరిన బోరునీటిలో కరగిన సిలికా ఉండును; మరుగుదొడ్ల గుంటలనుండి ఇంకిన నైట్రేటు కూడ ఉండవచ్చును. అనగా ఉప్పు కలుపక మునుపే నాచుకు భోజనము వడ్డించినట్లే. నీటిని ఆర్‌వో యంత్రము ద్వారా వడగట్టినచో వీనిలో చాలభాగము తొలగును. మిగిలిన భాస్వరము చేపల మేతతో వచ్చును. చేపలు తినక విడిచిన మేత నాచుకే చెందును. లీటరుకు 40 మిల్లీగ్రాముల నైట్రేటు గల తొట్టిలో వారమునకు పదవవంతు నీటిని శుద్ధమైన ఉప్పునీటితో మార్చినచో మొదటి వారము 36, నాలుగు వారములకు సుమారు 26 మిల్లీగ్రాములు మిగులును. అదియు క్రొత్తగా ఏమియు చేరకున్నచో!

ముల్లును ముల్లుతోనే తీయు ఉపాయము ఒకటి కలదు. వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఆడీ 1980 ప్రాంతమున తొట్టి ప్రక్కన ఒక జల్లెడ నమర్చి, దానిపై గట్టి వెలుతురు పడునట్లు చేసి, నీటిని అలలుగా పారించెను. నాచు అచ్చట గడ్డివలె పెరిగినది. దానిని అప్పుడప్పుడు గీకి పారవేసినచో భాస్వరము, నత్రజని దానితోపాటు బయటికి పోవును. తొట్టిలోని నాచుకు పస్తు తప్పదు.

ఇంటి తొట్టికి చెల్లినది ఊరి చెరువుకు అంత సులభముగా చెల్లదు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున 16వ శతాబ్దిలో కట్టిన హుస్సేన్ సాగర్ ఒకప్పుడు త్రాగునీరిచ్చినది. పిమ్మట కూకట్‌పల్లి, పికెట్, బల్కాపూర్, బంజారా నాలాలు నగరపు మురుగును అందులోనికి తెచ్చినవి. నీరు నాచుతో పచ్చబడినది. మురుగును దారి మళ్ళించుటకు, శుద్ధిచేయుటకు కేంద్రములు నిర్మించిరి. అయినను ఏండ్ల తరబడి అడుగున పేరుకొన్న బురద తాను దాచుకొన్న భాస్వరమును పై నీటికి కొంచెము కొంచెముగా వదలుచుండును. యాప్రాల్ తొట్టిలో ఇసుకనుండి అట్టి మడ్డిని గొట్టముతో పీల్చి పారబోయుటకు అరగంట చాలును.