ఎక్స్ఛేంజ్ విజిటర్‌గా అమెరికా వెళ్తున్నారా? ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్‌కు ఇలా సిద్ధం కండి

రేణిగుంట: చదువు, పరిశోధన, బోధన కోసం ఒక స్పాన్సర్ సంస్థ ద్వారా కొంతకాలం అమెరికా వెళ్లేవారికి ఇచ్చేది జే-1 వీసా. ఫుల్‌బ్రైట్-నెహ్రూ స్కాలర్లు, అక్కడి యూనివర్సిటీలు పిలిస్తే వెళ్లే రీసెర్చర్లలో చాలామంది దీనిపైనే వెళ్తారు. ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న దేశాల హైస్కూలు పిల్లల కోసం అమెరికా ప్రభుత్వం 2002లో తెచ్చిన కెనెడీ-లూగర్ యెస్ ప్రోగ్రామ్‌కూ ఇదే వీసా.

వీసా రాగానే మన ఇళ్లలో మొదలయ్యే భయం ఒకటుంది: ‘పేరు చూసి అక్కడ ఆపేస్తారేమో!’ ఆపి ప్రశ్నలు అడగొచ్చు, అందులో దాచేదేం లేదు. వీసా ఉన్నా లోపలికి అనుమతించేది ఎయిర్‌పోర్టులోని అధికారే. కానీ కాగితాలు, లగేజీ, జవాబులు మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి.

పేరు అన్నిచోట్లా ఒకేలా

‘షేక్’ అనే మాటనే ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. మహమ్మద్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాస్‌పోర్టు, వీసా, డీఎస్-2019 ఫారం, టికెట్ నాలుగూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూడండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, వీసాపై మొత్తం పేరు సర్‌నేమ్‌గా, రెండో గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని వస్తుంది. అది తప్పు కాదు, అక్కడి పద్ధతి. స్పెల్లింగ్ తేడా ఉంటే బయలుదేరకముందే స్పాన్సర్‌కు చెప్పి సరిచేయించుకోండి.

చేతి బ్యాగులో ఉండాల్సినవి

పాస్‌పోర్టు, సంతకాలున్న డీఎస్-2019, సెవిస్ ఫీజు రసీదు, స్పాన్సర్ లేఖ, బస చేసే ఇంటి అడ్రస్, స్పాన్సర్ అత్యవసర ఫోన్ నంబర్. ఇవన్నీ కాగితం మీదే ఉండాలి, ఫోన్ చార్జింగ్‌ను నమ్ముకోవద్దు. సూట్‌కేసులో అసలే పెట్టొద్దు. ఇమ్మిగ్రేషన్ దాటాకే సూట్‌కేసు చేతికొస్తుంది. డీఎస్-2019లో ఉన్న ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో అడుగుపెట్టడానికి వీల్లేదు.

ఎక్కడ ఏం జరుగుతుంది

రేణిగుంటలో హైదరాబాద్ విమానం ఎక్కినా, రైల్లో చెన్నై వెళ్లినా, దేశం దాటే ఇమ్మిగ్రేషన్ ఆ పెద్ద ఎయిర్‌పోర్టులోనే. భారతీయులు డిపార్చర్ కార్డు నింపాల్సిన అవసరం 2017 జూలై నుంచి లేదు. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే అమెరికాలో దిగిన మొదటి ఎయిర్‌పోర్టులో తనిఖీ ఉంటుంది. ఆ తర్వాత ఇంకో విమానం ఉన్నా, సాధారణంగా లగేజీ అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ ఇవ్వాలి. అబుదాబి నుంచి నేరుగా అమెరికా వెళ్లే విమానమైతే ఈ తనిఖీలు అబుదాబిలోనే అయిపోతాయి. ఈ ఏర్పాటు 2014 నుంచి ఉంది.

సూట్‌కేసు సర్దేటప్పుడు

మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, ఎండబెట్టిన మాంసం వద్దు. హలాల్ అయినా, ఇంట్లో చేసిందైనా మాంసం మాంసమే. మన చిత్తూరు మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా తీసుకెళ్లకూడదు. మాంసం లేని ఊరగాయ సీల్ చేసిన ప్యాకెట్‌లో ఉంటే సాధారణంగా వదిలేస్తారు. కానీ తినేది ఏదున్నా ‘ఉంది’ అనే చెప్పాలి. చెప్తే మహా అయితే తీసి పారేస్తారు. చెప్పకుండా నిషేధిత వస్తువు దొరికితే మొదటిసారికే వెయ్యి డాలర్ల వరకు జరిమానా పడొచ్చు.

సుర్మా పెట్టొద్దు. అందులో సీసం ఉండొచ్చని అమెరికా దాన్ని అనుమతించదు. చేతి బ్యాగులో అత్తరు సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు. మందులు అసలు ప్యాకింగ్‌లో, ఇంగ్లిష్ ప్రిస్క్రిప్షన్‌తో ఉండాలి. లేబుల్ లేని యునానీ మాజూన్ ఇంట్లోనే వదిలేయండి.

దగ్గరున్న డబ్బు 10 వేల డాలర్లు దాటితే అక్కడ ప్రకటించాలి. ఖరీదైన నగలుంటే వెళ్లేటప్పుడే మన కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చినప్పుడు పేచీ ఉండదు.

పక్కకు పిలిస్తే

దాన్ని సెకండరీ ఇన్‌స్పెక్షన్ అంటారు. అది అరెస్టు కాదు. గంటో, అంతకంటే ఎక్కువో పట్టొచ్చు, అందుకే తర్వాతి విమానానికి మధ్య టైమ్ ఉంచుకోండి. ఫోన్ చూస్తామని అడగొచ్చు. ఇంగ్లిష్ అర్థం కాకపోతే ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. తెలియనిది ‘తెలియదు’ అనాలి, ఊహించి చెప్పొద్దు, జోకులు అసలే వద్దు. కాగితం ఏదైనా తక్కువైతే ఐ-515ఏ అనే నోటీసు ఇచ్చి 30 రోజుల గడువుతో లోపలికి పంపే అవకాశం కూడా ఉంది. అమెరికా ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో హిజాబ్ తనిఖీ చేయాల్సి వస్తే, ప్రైవేటు గదిలో మహిళా అధికారే చేయాలని అడగొచ్చు.

లోపలికి వెళ్లాక ఆన్‌లైన్‌లో ఐ-94 రికార్డు తీసి పేరు, జే-1 కేటగిరీ సరిగా ఉన్నాయో లేదో చూడండి. చేరినట్టు స్పాన్సర్‌కు వెంటనే చెప్పండి.

ఇంట్లోనే ఒకసారి

టికెట్ లేనివాళ్లను టెర్మినల్ లోపలికి రానివ్వరు. అమ్మీ, అబ్బా గేటు దగ్గరే ఖుదా హాఫిజ్ చెప్పాలి. అక్కడి నుంచి పిల్లలు ఒంటరే. అందుకే వారం ముందు అబ్బా అధికారిలా కూర్చుని అడగాలి: ఎక్కడికి వెళ్తున్నావ్, ఎందుకు, ఎవరింట్లో ఉంటావ్, ఎప్పుడు తిరిగొస్తావ్, బ్యాగులో తినేవి ఏమున్నాయ్? ఈ ఐదింటికీ తడబడకుండా నిజం చెప్పగలిగితే సగం భయం రేణిగుంటలోనే తీరిపోతుంది.