నీటి బండ, పునాది బండ

పాలస్తీనా కొండలు చాలావరకు సున్నపురాతివి. వాన పడితే ఆ రాయి పగుళ్లగుండా నీటిని లోపలికి పీల్చుకుని, ఎక్కడో దిగువన ఊటగా వదులుతుంది. అక్కడ గొర్రెలు కాచుకునేవాడికి బండ అంటే నీడ, శత్రువుకు చిక్కకుండా దాక్కునే చోటు, అదృష్టం బాగుంటే గుక్కెడు నీళ్లు. బైబిల్లో బండ గురించిన మాటలు ఎక్కువగా ఈ బతుకులోంచే వచ్చాయి. పునాది అనే అర్థమూ పాతదే. అయితే క్రైస్తవ సంఘానికి అధికారం అబ్బేకొద్దీ ఆ ఒక్క అర్థమే పెద్దపీట వేసుకుని, మిగతావాటిని వెనక్కి నెట్టింది. పూర్తిగా నెట్టలేకపోయిందన్నదే ఈ కథలో నాకు ఆసక్తి కలిగించే సంగతి.

ద్వితీయోపదేశకాండం 32లోని మోషే పాట దేవుణ్ణే బండ అంటుంది. కీర్తనల్లో దావీదు పేరిట ఉన్నవీ అదే మాట అంటాయి. సౌలు రాజు తరుముతుంటే గుహల్లో తలదాచుకున్నవాడి నోట ఆ మాట సహజమే. నిర్గమకాండం 17లో ఎడారిలో దాహంతో జనం గొడవకు దిగినప్పుడు, హోరేబులోని బండ మీద తాను మోషే ఎదుట నిలబడతానని దేవుడు చెబుతాడు, ఆ బండనే కర్రతో కొట్టమంటాడు. దేవుడు నిలిచిన చోటే దెబ్బ పడుతుంది, అక్కడినుంచే నీళ్లొస్తాయి. సంఖ్యాకాండం 20లో కాదేషు దగ్గర బండతో మాట్లాడమంటే మోషే రెండుసార్లు కొట్టాడు. నీళ్లు రాకపోలేదు గానీ, వాగ్దాన దేశంలో అడుగుపెట్టే భాగ్యం ఆయనకు పోయింది. ఇక ప్రవక్తల దగ్గరికొస్తే యెషయా సీయోనులో వేసిన పునాదిరాయిని చెబుతాడు, జనం తట్టుకుని పడే రాయినీ చెబుతాడు. దానియేలు వివరించిన రాజు కలలో చేయి తగలకుండా తెగిన రాయి సామ్రాజ్యాల ప్రతిమను పిండి చేసి పర్వతమవుతుంది.

అసలు తగువు మొదలైన చోటు ఫిలిప్పుదైన కైసరయ. హెర్మోను కొండ పాదాన నిట్టనిలువు రాతిచరియ, దానిలో గుహ, గ్రీకుల పాన్ దేవుడి గుడి, ఆ దాపునే హేరోదు అగస్టస్ చక్రవర్తికి కట్టించిన ఆలయం, యొర్దానుకు నీరిచ్చే ఊటల్లో ఒకటి. ఆ ప్రాంతంలో సీమోను అనే జాలరి యేసును క్రీస్తు అని ఒప్పుకుంటాడు. యేసు అతనికి బండ అన్న అర్థమొచ్చే పేతురు అనే పేరు పెట్టి, ఈ బండ మీద నా సంఘాన్ని కడతానంటాడు. ఒప్పుకోలు సంగతి మార్కు, లూకా కూడా రాశారు గానీ ఈ బండ మాట ఒక్క మత్తయిలోనే ఉంది. ఇంకో విశేషం, కొన్ని వాక్యాలు దాటగానే అదే పేతురును యేసు సాతానా అని గద్దించి, నాకు ఆటంకమయ్యావంటాడు. బండ ఆధారమూ కావచ్చు, కాళ్లకడ్డమూ కావచ్చునని యెషయా ముందే చెప్పాడు కదా!

మోషే కొట్టిన బండ క్రీస్తే అని పౌలు కొరింథీయులకు తేల్చి రాశాడు. ఆ బండ ఇశ్రాయేలీయుల వెంట నడిచిందని కూడా అన్నాడు. ఎడారిలో జనం వెంట ఒక బావి కదిలి వచ్చిందన్న యూదుల కథలు దీని వెనుక ఉన్నాయి. అదే పత్రికలో క్రీస్తు తప్ప మరో పునాది వేయడం ఎవరి తరమూ కాదన్నాడు. పేతురు పేరిట ఉన్న మొదటి పత్రిక సైతం మూలరాయి స్థానాన్ని క్రీస్తుకే ఇచ్చి, విశ్వాసులందరినీ సజీవమైన రాళ్లు అంది. బండ అనే బిరుదు తనదని అందులో ఎక్కడా చెప్పుకోలేదు.

మొదటి శతాబ్దాల సామాన్య విశ్వాసులు ఏ బండను తలుచుకున్నారో తెలియాలంటే రోము నేలమాళిగల్లోని సమాధులు చూడాలి. మోషే బండను కొట్టి నీళ్లు రప్పించే దృశ్యం ఆ గోడల మీద మళ్లీమళ్లీ కనిపిస్తుంది. వాళ్లకది బాప్తిస్మపు నీరు, చావు దాటించే నీరు. నాలుగో శతాబ్దపు రాతి శవపేటికల మీద మోషే స్థానంలో పేతురు నిలబడతాడు. కర్రతో బండను కొడుతుంటే టోపీలు పెట్టుకున్న రోమా సైనికులు వంగి నీళ్లు తాగుతుంటారు. పేతురు ఇక్కడ బండ కాదు, బండలోంచి నీళ్లు తెచ్చేవాడు. వేదాంత గ్రంథాలన్నిటికంటే ఈ శిల్పులే నాకు తెలివైనవాళ్లుగా తోస్తారు.

గ్రంథాల్లో మాత్రం లెక్క వేరు. 250ల్లో రోము బిషప్ స్తెఫాను మత్తయి 16ను తన అధికారానికి ఆధారంగా చూపించాడు. కార్తేజి బిషప్ సిప్రియన్ ఒప్పుకోలేదు. తొలి సంఘ పండితుల్లో, పేతురులా ఒప్పుకున్న ప్రతివాడూ బండేనని ఒరిజెన్, బండ అంటే ఆ విశ్వాసమేనని క్రిసోస్తం అన్నారు. అగస్టీన్ మొదట బండ పేతురే అన్నాడు, తర్వాత క్రీస్తు అన్నాడు. ముసలితనంలో తన రచనలు తిరగేసుకుంటూ, ఏది నచ్చితే అది ఎంచుకోండని పాఠకులకే వదిలేశాడు. కాదేషులో మోషే కొట్టిన రెండు దెబ్బల్లో సిలువ రెండు కొయ్యలను చూసిందీ ఈయనే. ఐదో శతాబ్దంలో పోపు లియో చేతిలో బండ గట్టిపడి సింహాసనం రూపు దాల్చింది. మధ్యయుగాల్లో ఆ వాదం పెరగడమే తప్ప తరగలేదు. 1519లో జర్మనీలోని లైప్జిగ్‌లో సంస్కర్త లూథర్, పోపు పక్షాన ఎక్ తలపడినప్పుడు మళ్లీ ఇదే వాక్యం మీద పట్టుబట్టారు. ఇథియోపియాలో లాలిబెల వాసులు మాత్రం ఈ తగువుతో నిమిత్తం లేకుండా, కొండను పైనుంచి కిందికి తొలిచి పదకొండు గుళ్లు చేసుకున్నారు.

నీటి బండ చావలేదు. 1776లో ఆంగ్లికన్ గురువు టాప్లాడీ, పాపభారాన్ని ఇంగ్లండు జాతీయ రుణంతో పోల్చిన ఒక వింత వ్యాసం చివర, చీలిన బండలో తలదాచుకునే పాట రాశాడు. వ్యాసాన్ని లోకం మరిచిపోయింది. పాట తెలుగు సంఘాల దాకా వచ్చింది.

పోపు తొమ్మిదో పయస్ కాలంలో రెండు బండలూ పన్నెండేళ్ల తేడాతో ఎదురుపడ్డాయి. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో, ఊరివాళ్లు పాత బండ అని పిలిచే మసాబియెల్ గుహ దగ్గర బెర్నదెత్ అనే పేదపిల్ల బురద గీకితే ఊట పుట్టింది. 1870 జూలై 18న వాటికన్ మహాసభ పోపు అధికారాన్నీ, అధికారిక బోధలో ఆయన పొరపడడన్న అమోఘత్వాన్నీ 533 ఓట్లతో ఖాయం చేసింది. వ్యతిరేకంగా పడ్డవి రెండే. అమెరికాలోని సెయింట్ లూయిస్ ఆర్చిబిషప్ కెన్రిక్ సభలో చదవలేకపోయిన ప్రసంగాన్ని అచ్చు వేయించాడు. మత్తయి వాక్యం గురించి ఆది సంఘ పితరుల అభిప్రాయాలను అందులో లెక్కగట్టాడు. బండ అంటే విశ్వాసం అన్నవారు 44 మంది, పేతురు అన్నవారు 17, క్రీస్తు అన్నవారు 16, అపొస్తలులందరూ అన్నవారు 8. ఈ లెక్క వేసిన పెద్దమనిషి పేరు కూడా పేతురే.

విజయవాడ గుణదల కొండకు 1924 నుంచి మరియమాత భక్తులు వస్తున్నది లూర్దు గుహను తలుచుకునే. ఫిబ్రవరి 11న అక్కడ తిరునాళ్లకు వచ్చే జనంలో క్రైస్తవేతరులూ బోలెడుమంది. వాళ్లు అడిగేది ఆరోగ్యం, పిల్లలు, తీరని కష్టానికి దారి. మత్తయి 16 మీద ఎవరి వ్యాఖ్య సరైనదో వాళ్లలో ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువేమీ లేరు. 1952లో ప్రొటెస్టెంటు పండితుడు ఆస్కర్ కుల్మన్ బండ అంటే పేతురేనని ఒప్పుకుంటూనే, ఆ పదవి వారసులకు దక్కదన్నాడు. కతోలికులకు సగం మాటే నచ్చింది, ప్రొటెస్టెంటులకు మిగతా సగం. 1995లో పోపు రెండో జాన్ పాల్ తన పదవి ఐక్యతకు అడ్డుగా తోస్తోందని ఒప్పుకుని, దాన్ని ఎలా నిర్వహిస్తే బాగుంటుందో చెప్పమని ఇతర సంఘాల వారిని అడిగాడు. వచ్చిన జవాబులను, ఆ మీదట జరిగిన చర్చలను కూర్చి వాటికన్ 2024 జూన్‌లో ఒక పత్రంగా విడుదల చేసింది. మత్తయి వాక్యానికి ఏ అర్థం చెప్పాలన్నది ఆ పత్రంలోనూ ఇంకా చర్చలోనే ఉంది.