మరణించి మరలి వచ్చినవారు: అండమాన్ సాక్ష్యం, బౌద్ధ విచారణ

మరణించి మరల లేచినవాడు తాను చూచివచ్చిన లోకాన్ని గురించి చెప్పే మాటకు చరిత్రకారుడు ఎంత విలువ ఇవ్వాలి? ధమ్మాన్ని స్వీకరించిన మన కుటుంబాలకు ఇది కేవలం తాత్త్వికమైన ప్రశ్న కాదు. ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడు, కర్మకాండ మాని త్రిశరణ పంచశీలాలతో సంస్మరణ జరుపుకునే వారిని బంధువులు అడిగేది ఇదే: "ఆత్మ లేదంటారు. మరి చచ్చి బతికినవాళ్లు యమలోకం చూసొచ్చామంటున్నారు కదా, దానికేమంటారు?" ఈ ప్రశ్నను ఎగతాళి చేయడం సులభం. మేము ఆ పని చేయదలచలేదు. యముడి పేరే వినని ప్రజలు ఇటువంటి అనుభవాన్ని ఎలా చెప్పుకున్నారో ముందుగా పరిశీలించడం మేలు. అందుకు మనకు దగ్గరలో ఉన్న చోటు బంగాళాఖాతంలోని అండమాన్ దీవులు.

1906-1908 సంవత్సరాలలో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే ఆంగ్లేయ మానవశాస్త్రవేత్త ఆ దీవులలో పరిశోధన జరిపి, 1922లో 'ది అండమాన్ ఐలాండర్స్' అనే గ్రంథం ప్రకటించాడు. ఉత్తర అండమాన్ తెగలలో 'ఒకోజుము' అనే వైద్యమాంత్రికులు ఉండేవారని అందులో వివరించాడు. ఒకడు ఒకోజుము కావడానికి మార్గాలు మూడు. అడవిలో ఒంటరిగా తిరుగుతూ ప్రేతాత్మలను కలుసుకోవడం ఒకటి, కలలలో వాటితో సంభాషించడం మరొకటి. అన్నింటికంటె ఘనమైనది చనిపోయి తిరిగి బ్రతకడం. తీవ్రమైన జబ్బుతో పన్నెండు గంటల పాటు స్పృహ లేక పడి ఉండి, చనిపోయాడని అందరూ అనుకున్న తరువాత లేచిన ఒక వ్యక్తిని గురించి ఆయనకు చెప్పారు. మరొకడైతే మూడుసార్లు చచ్చి మూడుసార్లు లేచాడట! అలా లేచినవాడు రోగాలు కుదర్చగలడు, తుఫానును ఆపగలడు. కోపం వస్తే రోగం తెప్పించనూగలడు. కనుకనే వేటలో మంచి వాటా, కానుకలు అతనికి ముట్టేవి. ఒకోజుము అనే మాటకు 'కలలు కనేవాడు' అని అర్థం. ఈ అర్థాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఆ తెగల పరలోకం ఎట్టిది? దక్షిణ అండమాన్ ప్రజల విశ్వాసాలను 1883 నాటికే ఎడ్వర్డ్ హొరేస్ మాన్ అనే అధికారి నమోదు చేశాడు. భూమికీ తూర్పు ఆకాశానికీ నడుమ కంటికి కనిపించని పేము వంతెన ఒకటి ఉన్నదనీ, చనిపోయినవారు దాని మీదుగా సాగిపోతారనీ వారు నమ్మేవారు. వంతెన పేముది కావడంలోనే సంగతంతా ఉన్నది. అండమాన్ అడవి నిండా పేము తీగలు. (ఆ వంతెన దాటిన తరువాతి లోకాలను మాన్ స్వర్గమనీ, పాపప్రక్షాళన స్థలమనీ పోల్చి వ్రాశాడు. ఆ పోలిక అడవిలో పుట్టినది కాదు, ఆయన చిన్ననాట నేర్చిన మతభాషలో పుట్టినదని మా అనుమానం.) ఉత్తరాది తెగల ఒకోజుముకు ఎదురైనవి అడవిలో, సముద్రంలో తిరిగే ప్రేతాత్మలు. అక్కడ చిట్టా విప్పి చదివే గుమాస్తా లేడు, కాలసూత్రం లేదు, దున్నపోతు లేదు.

చిట్టా ఉన్నది మన దగ్గర. 1986లో సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్సన్ భారతదేశంలోని పదహారు మరణ సమీపానుభవాలను పరిశీలించి ప్రకటించారు. వాటిలో పదే పదే కనిపించే కథ ఒకటే: దూతలు వచ్చి తీసుకుపోతారు, పైలోకంలో ఒకడు పుస్తకం చూస్తాడు, తీసుకురావలసినది వీడిని కాదని తేలుతుంది, వెనక్కి పంపుతారు. తెలుగువారికి 1977 నాటి 'యమగోల' సినిమా గుర్తుకు రాక మానదు. అదే కాలంలో అమెరికాలో రేమండ్ మూడీ 1975లో ప్రకటించిన గ్రంథంలో చీకటి సొరంగం, దాని చివర వెలుగు, ఎదురువచ్చే బంధువులు కనిపిస్తారు. అక్కడ ఎవరినీ పొరపాటున తీసుకుపోయినట్లు చెప్పరు. మన దేశంలో తాలూకా కచేరీలో పేరు తప్పు పడితే ఏమవుతుందో, పైలోకంలోనూ అదే అవుతుంది!

ఈ అనుభవాలు అబద్ధాలని మేము అనడం లేదు. 2001లో డచ్చి వైద్యుడు పిమ్ వాన్ లోమెల్ బృందం గుండె ఆగి బ్రతికిన 344 మందిని అడుగగా, 62 మంది ఏదో ఒక అనుభవం చెప్పారు. మిగిలినవారికి ఏమీ గుర్తు లేదు. 2014లో ప్రకటించిన మరొక పెద్ద అధ్యయనంలో శామ్ పార్నియా బృందం, పైకప్పు నుంచి చూస్తే తప్ప కనబడని బొమ్మలను ఆసుపత్రి గదులలో అమర్చింది. వాటిని చూచినట్లు రుజువైన రోగి ఒక్కరూ లేరు. అనుభవం నిజమే, కాని అది అందుకునే రూపం మాత్రం ఆ మనిషి పెరిగిన లోకానిది. అండమాన్ సాక్ష్యం మాకు బోధిస్తున్నది ఇదే.

ఈ విచారణ బౌద్ధులకు క్రొత్త కాదు. దీఘనికాయంలోని పాయాసి సుత్తం చదివినవారికి సేతవ్య నగరపు పాయాసి తెలుసు. పరలోకం లేదని అతని వాదం. చనిపోబోయే బంధువులను, "స్వర్గానికైనా నరకానికైనా వెళితే వచ్చి చెప్పండి" అని కోరాడు. సరేనన్నారు, ఎవరూ రాలేదు. దొంగను బ్రతికుండగానే కుండలో పెట్టి మూత బిగించి, జీవుడు బయటకు పోతాడేమోనని చూచాడు. చచ్చేముందూ చచ్చిన తరువాతా తూకం వేయించాడు. క్రూరమైన పరీక్షలే, కాని పరీక్షలే. కుమార కస్సపుడు అతనికి ఇచ్చిన జవాబులలో ఒకటి కలను గురించినది: నీవు మధ్యాహ్నం నిద్రలో ఉద్యానవనాలను చూస్తున్నప్పుడు, చుట్టూ ఉన్న పరిచారికలు నీ జీవుడు పోవడం, రావడం చూచారా? కలలు కనేవాడనే ఒకోజుము ఇక్కడ మనకు మళ్ళీ ఎదురవుతాడు. ఆ సుత్తంలో కస్సపుడు పరలోకం ఉన్నదనే పక్షాన నిలిచాడు. దానిని దాచవలసిన పని లేదు. అయితే తథాగతుడు తన బోధను చచ్చి లేచినవారి మాట మీద నిలపలేదు. మరణానంతరం తథాగతుడు ఉంటాడా, ఉండడా అని మాలుంక్యపుత్తుడు నిలదీసినప్పుడు, బాణం తగిలినవాడు దానిని వేసినవాడి కులగోత్రాలు తెలిసేదాకా పీకనివ్వనన్న ఉపమానంతో ఆ ప్రశ్నను ప్రక్కన పెట్టాడు.

బాబాసాహెబ్ ఇంకా ముందుకు వెళ్ళారు. 1957లో, ఆయన పరినిర్వాణం తరువాత వెలువడిన 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' ఉపోద్ఘాతంలోనే, ఆత్మ లేదన్న బుద్ధుడు పునర్జన్మను ఎలా అంగీకరించాడన్నది పరిష్కరించవలసిన సమస్యగా పేర్కొన్నారు. ఆయన ఇచ్చిన సమాధానం: శరీరంలోని భూతాలు ప్రకృతిలో కలుస్తాయి, మరల కూడుతాయి, కాని ఒకే ఆత్మ ఒక దేహం విడిచి మరొక దేహంలోకి నడవదు. గతజన్మ కర్మమనే మాట ఈ జన్మలో ఎవరిని వాడ బయట నిలబెట్టిందో ఎరిగిన వ్యక్తి ఆయన. పైలోకపు చిట్టాను నమ్మడం అంటే దానిని వ్రాసినవారి పెత్తనాన్ని నమ్మడమే. మా బంధువులకు మేము చెప్పే జవాబు ఇంతవరకే.

అండమాన్ కథలో చెప్పవలసినది ఇంకొకటి ఉన్నది. ఉత్తర తెగలు ప్రేతాత్మను 'లావ్' అనేవారు. ఇండియా నుంచి, బర్మా నుంచి వచ్చినవారిని కూడా అదే మాటతో పిలిచేవారు. 1858లో ఖైదీల వలస ఏర్పడిన తరువాత ఓడ దిగినవారందరూ, వారిలోని మన తెలుగువారూ, వారి భాషలో చచ్చి వచ్చినవారే. ఆ పోలిక దారుణంగా నిజమయింది. వచ్చినవారు రోగాలు తెచ్చారు. 1877లో తట్టు ఆ తెగలను ఊడ్చిపెట్టింది. కొన్ని వేలుగా ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనగణన నాటికి 625 మంది, 1961 నాటికి 19 మంది. మూడుసార్లు చచ్చి లేచిన మనిషిని గురించి రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వ్రాసుకుంటున్న రోజులలోనే, ఆ మాట చెప్పిన జాతి తిరిగిరాని చావు చస్తున్నది. దాని మీద ఏ ఒకోజుము మంత్రమూ పని చేయలేదు.

'బో' భాష మాట్లాడిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించింది. ఆ తెగల విశ్వాసంలో పక్షులు పూర్వీకులు. తన భాషలో బదులు పలికే మనిషి ఎవరూ మిగలని చివరి సంవత్సరాలలో ఆమె పక్షులతో మాట్లాడుతూ ఉండేదని, ఆమె వద్ద ఆ భాషను నమోదు చేసిన భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి తెలిపారు.