వికేంద్రీకృత డేటా విలీన పద్ధతులు

ఒకే సమాచారానికి అనేక కంప్యూటర్లలో నకళ్లు ఉన్నప్పుడు, నెట్‌వర్క్ తెగిపోయినా ఎక్కడి మార్పులు అక్కడ చేసుకుంటూ, లైను కలిశాక వాటన్నిటినీ ఒక్కటి చేసుకునే ఏర్పాట్లివి. తుది మాట చెప్పే కేంద్ర సర్వరు లేకుండానే నకళ్లన్నీ చివరికి ఒకే స్థితికి చేరాలి. కొత్త సమాచారాన్ని పంచడం కన్నా, తీసేసినదాన్ని అన్నిచోట్లా తీసేసినట్టుగానే నిలపడం ఈ రంగాన్ని మొదటి నుంచీ ఎక్కువగా వేధించింది.

అర్పానెట్ రోజుల్లో, 1975లో, పాల్ జాన్సన్, రాబర్ట్ థామస్ నకలు డేటాబేసుల నిర్వహణపై ఆర్‌ఎఫ్‌సీ 677 అనే పత్రం రాశారు. ప్రతి మార్పుకూ సమయముద్ర వేసి, తర్వాత వచ్చినదాన్ని ఉంచుకోవాలన్నది అందులోని సూత్రం. అయితే రెండు యంత్రాల గడియారాలు కచ్చితంగా కలవవు. ఈ పత్రం చదివిన లెస్లీ లాంపోర్ట్ 1978లో తన ప్రసిద్ధ వ్యాసం వెలువరించారు: అసలు గడియారంతో పని లేకుండా, ఏ ఘటన దేనికి కారణం కాగలదో చూసి లెక్కింపు సంఖ్యలతో వరుస కట్టవచ్చని చూపారు. ఆ తర్వాత కొద్దికాలానికే డ్యూక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన యూజ్‌నెట్, ఫోను లైన్ల మీద సందేశాలను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి దాటించింది. రాసిన సందేశం మారదు కాబట్టి అక్కడ విలీనం పెద్ద చిక్కు కాలేదు.

అసలు మలుపు 1987లో వచ్చింది. జిరాక్స్ సంస్థ నెట్‌వర్క్‌లో పేర్లు, చిరునామాలు చూపే క్లియరింగ్‌హౌస్ సర్వర్లు వందల్లో ఉండేవి. వాటిని సరిచూసే రద్దీకే లైన్లు నిండిపోతుంటే, అలన్ డెమర్స్ బృందం అంటువ్యాధుల గణితాన్ని ఆశ్రయించింది. ప్రతి సర్వరూ అప్పుడప్పుడు ఏదో ఒక సర్వరును యాదృచ్ఛికంగా ఎంచుకుని, రెండింటి మధ్య ఉన్న తేడాలు సరిచేసుకుంటుంది. వార్త పుకారులా పాకుతుంది. కొన్ని యంత్రాలు మూలపడినా ఆగదు. ఇక తొలగింపు సంగతి: ఒకచోట చెరిపేసిన పేరు పొరుగు సర్వరులోని పాత నకలు నుంచి మళ్లీ వచ్చేస్తుంది. అందుకని చెరిపిన ప్రతిదానికీ 'మరణ ధ్రువపత్రం' పుట్టించి, దాన్నీ అలాగే వ్యాపింపజేశారు. కొంతకాలానికి చాలా సర్వర్లు దాన్ని పారేస్తాయి, కొన్ని మాత్రం దాచుకుంటాయి. పాత నకలు ఎప్పుడైనా తల ఎత్తితే అవి ఆ పత్రాన్ని తిరిగి లేపుతాయి. ఈ రంగంలో ఇంత అందమైన పరిష్కారం అరుదు.

జిరాక్స్‌లోనే 1995లో వచ్చిన బేయూ అనే వ్యవస్థ, విలీన నియమాన్ని అప్లికేషన్‌కే అప్పగించింది: ఒకే సమావేశ గదిని ఇద్దరు ఒకే సమయానికి కోరితే ఏం చేయాలో ఆ మార్పే వెంట తీసుకెళ్తుంది. 2007లో అమెజాన్ ప్రకటించిన డైనమో అనే డేటా నిల్వ వ్యవస్థలో పాత తొలగింపు సమస్యే మళ్లీ కనిపించింది. షాపింగ్ కార్టులో వేసిన వస్తువు ఎన్నడూ పోదు గానీ, తీసేసిన వస్తువు ఒక్కోసారి తిరిగొచ్చేది.

మార్క్ షపీరో, నూనో ప్రెగీసా, కార్లోస్ బకేరో, మారెక్ జవిర్‌స్కీ 2011లో ఇలాంటి విలీనానికి గట్టి సిద్ధాంత పునాది వేశారు. మార్పులు ఏ వరుసలో అందినా, ఎలా జట్టు కట్టినా, ఒకటే పదిసార్లు వచ్చినా ఫలితం మారకుండా డేటా నిర్మాణాన్నే మలిస్తే, నకళ్లు కలిసి తీరతాయని నిరూపించారు. సీఆర్‌డీటీలు అనే ఈ నిర్మాణాల్లో ఒక రకం, చేర్చిన ప్రతిసారీ వస్తువుకు కొత్త గుర్తు తగిలిస్తుంది. తీసేసేవారు తమకు కనిపించిన గుర్తులనే తీసేస్తారు. అదే వేళ మరొకరు చేర్చింది నిలుస్తుంది. ఆటోమెర్జ్, వైజేఎస్ లైబ్రరీలు ఈ మార్గంలోనే సమష్టి రచనకు తోడ్పడుతున్నాయి.

ఆఖరి టికెట్టు ఒక్కరికే దక్కాలనే నియమాన్ని మాత్రం సీఆర్‌డీటీలు సొంతంగా కాపాడలేవు. అక్కడ అమ్మకానికి ముందే యంత్రాలు ఒకదాన్నొకటి సంప్రదించాలి.