స్తంభం నుంచి స్విచ్ దాకా

భీమవరంలో కేబుల్ టీవీ చరిత్రను ఛానెళ్ల లెక్కతో చెప్పడం కంటే, బొమ్మ ఆగినప్పుడు తప్పు వెతికిన తీరుతో చెప్పడమే న్యాయం. కోయాక్సియల్ తీగల కాలంలో తెర మీద చుక్కలు పడితే కేబుల్ కుర్రాడు ఇంటి నుంచి స్తంభానికి, అక్కణ్నుంచి ఆంప్లిఫయర్‌కు వెనక్కి నడిచేవాడు. డెల్టా తేమకు కనెక్టర్ లోపలి రాగికి పచ్చగా చిలుము పట్టేది. ఆ కొస కత్తిరించి కొత్తది బిగిస్తే బొమ్మ తేరుకునేది. ఏ రెండు చోట్ల మధ్య సిగ్నల్ పడిపోయిందో తేల్చడమే ఆ పనిలోని విద్య.

1995 నాటి కేబుల్ చట్టానికి 2011లో వచ్చిన సవరణ డిజిటల్‌ను తప్పనిసరి చేసింది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌గ్రిడ్ టీవీని ఇంటర్నెట్ ప్రోటోకాల్ మీదే ఇంటికి తెచ్చింది. ఇక పాత పనితనంతో పనేముందని అడగొచ్చు: డిజిటల్ బొమ్మ మెల్లగా మసకబారదు, బాగుంటుంది లేదా గళ్లుగళ్లుగా చెదిరి ఆగిపోతుంది. నిజమే. కానీ ఆ బొమ్మను మోసుకొచ్చే 188 బైట్ల ప్రతి ప్యాకెట్‌ మీదా 0 నుంచి 15 దాకా తిరిగే వరుస అంకె ఉంటుంది. ఎన్‌కోడర్ దగ్గర సరిగ్గా ఉన్న వరుస నెట్‌వర్క్ స్విచ్ దాటాక తెగిందంటే తప్పు ఆ మధ్యలోనే ఉంది. స్తంభం నుంచి స్తంభానికి వెతికిన తర్కమూ ఇదే. మారింది కొలత, పద్ధతి కాదు. తీగ పట్టిన ఆ చేతుల అనుభవాన్ని కొత్త ఇంజినీర్లు ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోవాలి.