కొలంబస్ బడ్జెట్లో జెరూసలేం

కొలంబస్ ఎందుకు బయల్దేరాడు? స్కూల్లో రెండు మార్కుల ప్రశ్న. బంగారం, మిరియాలు, ఇండియాకి కొత్త దారి అని రాసేసి మార్కులు కొట్టేసిన బ్యాచే మనదంతా. ఈమధ్య ఆయన రాతల గురించి చదువుతుంటే ఆ జవాబు సగమేనని తెలిసింది.

1492 డిసెంబర్ 26న డైరీలో ఏం రాసుకున్నాడో తెలుసా? ఇక్కడ దొరికే బంగారంతో రాజూ రాణీ మూడేళ్ళలోపే జెరూసలేం మీదకి దండెత్తేందుకు సిద్ధం కావాలని! అప్పట్లో అది మమ్లూక్ సుల్తానుల చేతిలో ఉండేది. అంటే మన భాషలో, బంగారం డెలివరబుల్ కాదు, ఫండింగ్.

1501-02లో గోరీసియో అనే సన్యాసి సాయంతో బైబిల్లోంచీ, పాత గ్రంథాల్లోంచీ ఏరి 'భవిష్యవాణుల పుస్తకం' కూర్చాడు. సృష్టి మొదలైన ఏడువేల ఏళ్ళకి లోకం అంతమవుతుంది, ఇంకా మిగిలింది 155 ఏళ్ళే అని లెక్క. డెడ్‌లైన్ అన్నమాట. తన ప్రయాణానికి గణితం, పటాలు ఏవీ అక్కరకు రాలేదు, యెషయా ప్రవక్త చెప్పిందే నెరవేరిందని రాజదంపతులకి రాశాడు.

గణితం సంగతి నిజమే లెండి. లోకంలో ఆరు వంతులు నేల, ఒక్క వంతే నీళ్ళు అని ఎజ్రా పేరిట ఉన్న గ్రంథంలో ఉంటే, సముద్రం చిన్నదే అనడానికి దాన్నీ సాక్ష్యం తెచ్చుకున్నాడు. అమెరికా అడ్డు రాకపోతే తిండీనీళ్ళూ అయిపోయి అందరూ పోయేవారే.

మతం పైకి ముసుగు, లోపలంతా దురాశే అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఆయన నిజంగానే నమ్మాడనిపిస్తోంది, నాకు భయం వేసేది అందుకే. 1495లో ఐదొందల మందికి పైగా టైనోలని బానిసలుగా ఓడలెక్కించి స్పెయిన్ పంపాడు. చాలామంది దారిలోనే చచ్చిపోయారు. లాభం కోసం చేసేవాడికి ఎక్కడో ఓచోట తప్పు చేస్తున్నానేమోనన్న అనుమానమైనా రావచ్చు. దేవుడి పని మీద ఉన్నాననుకునేవాడికి అదెందుకొస్తుంది?

ఇంకో ముచ్చట. 1503లో ఓడలు పురుగు తినేసి జమైకాలో చిక్కుబడ్డాడు. స్థానికులు తిండి పెట్టడం మానేశారు. పంచాంగం లాంటి పుస్తకం దగ్గరుంది, 1504 ఫిబ్రవరి 29న చంద్రగ్రహణమని తెలుసు. దేవుడికి కోపమొచ్చింది, చంద్రుణ్ణి మాయం చేస్తాడని బెదిరించాడు. గ్రహణం పట్టింది, తిండి వచ్చింది. అదే గ్రహణాన్ని తన భవిష్యవాణుల పుస్తకంలోనూ రాసి పెట్టుకున్నాడు, జమైకా రేఖాంశం కట్టడానికి. అదీ తప్పే వచ్చింది.